షెడ్డులో ఉన్న పాత బండిని తొందరపడి ముట్టుకోకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత మోటార్ సైకిళ్ల మీద రెండు పేజీల కథనం వచ్చింది కదండీ, అది చదివినప్పటి నుంచి మీకు రాయాలని అనుకుంటూనే ఉన్నాను. నేను విజయవాడ అమ్మాయిని, ఇప్పుడు ఇంగ్లండులో యార్క్‌షైర్‌లో, కీత్లీ దగ్గర ఉంటున్నాను, ఇక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. మీ పేపరు రోజూ ఫోన్లోనే చదువుతాను. మా నాన్న ఆటోనగర్‌లో నలభై ఏళ్లు టూవీలర్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు, కాబట్టి బండ్ల గురించి ఎక్కడ ఏం వచ్చినా మా ఇంట్లో ముందు అదే చదువుతాం. మీ కథనం కూడా ఆయనా నేనూ ఫోన్లో కలిసే చదివాం. అందులో రెండు విషయాలు ఆయనకీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు, అందుకే ఈ ఉత్తరం.

మొదటిది చిన్నది. మీరు వేసిన ఫొటోల్లో ఒక విదేశీ బండి ఉంది, సీటు దాదాపు లేనట్టుగా, సన్నగా, బురద టైర్లతో. దాని కింద "పాతకాలం రేసు బండి" అని రాశారు. అది రేసు బండి కాదండీ. దాన్ని ట్రయల్స్ బండి అంటారు. రేసులో ఎవరు ముందు వెళ్లారన్నది లెక్క, ట్రయల్స్‌లో కాలు కింద పెట్టకుండా ఎవరు వెళ్లారన్నది లెక్క. కొండవాగులో బండరాళ్లు, వేర్లు, జారుడు మట్టి, నిట్టనిలువు గట్లు, వీటిలోంచి కొంత దూరం గుర్తులు పెట్టి దాన్ని సెక్షన్ అంటారు. నడిపేవాళ్లు ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మనిషి నడకంత వేగంతో, ఒక్కోచోట అంతకన్నా నెమ్మదిగా దాన్ని దాటాలి. పక్కనే ఒక అబ్జర్వర్ కార్డు పట్టుకుని నిలబడతాడు. కాలు ఒకసారి నేలకి ఆనిస్తే 1 పాయింటు, రెండుసార్లయితే 2, ఆపైన ఎన్నిసార్లయినా 3, బండి ఆగిపోయినా పడిపోయినా 5. చివరికి ఎవరికి తక్కువ పాయింట్లు ఉంటే వాళ్లు గెలిచినట్టు. ఇలాంటి బండికి స్పీడు అక్కర్లేదు, ఇంజను అతి నెమ్మదిగా తిరుగుతూ కూడా ఆగిపోకుండా చక్రాన్ని లాగాలి, అంతే. నాన్నకి ఇది వివరిస్తే "అంటే పొలం గట్టు మీద పాల క్యాన్లు కట్టుకుని వెళ్లేవాళ్ల పనితనం అన్నమాట" అన్నారు. ఇక్కడి పెద్దవాళ్లకి ఆ మాట చెబితే చాలా సంతోషపడ్డారు.

రెండో విషయం పెద్దది. మీ కథనం మొత్తం తళతళలాడే బండ్ల గురించే. షెడ్డులోంచి తీయడం, విప్పేయడం, రంగు కొట్టించడం, క్రోమియం పూత వేయించడం, కొత్త పెళ్లికూతురిలా తయారైందని ఫొటో. ఏళ్ల తరబడి మూల పడి ఉన్న బండి దొరికినప్పుడు ముందు ఏం చేయకూడదో ఒక్క ముక్క కూడా లేదు. అది చదివి ఎంతమంది ఈ వారంలో పశువుల కొట్టంలో ఉన్న తాతగారి బుల్లెట్నో, రాజ్‌దూత్‌నో, యెజ్డీనో బయటికి లాగి కిక్ కొట్టేస్తారో అని నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. ఎందుకంటే అలా ఆగి ఉన్న బండి ఒకటి నా దగ్గరా ఉంది, ఇంకా బాగుచేయలేదు. బాగుచేయకపోవడానికి నా దగ్గర కారణాలున్నాయి.

నాది బుల్టాకో షెర్పా టీ, 1970లో రిజిస్టరైంది. 244 సీసీ, టూ స్ట్రోక్, బరువు వంద కిలోల లోపే. బుల్టాకో స్పెయిన్ కంపెనీ. ఫ్రాన్సెస్క్ బుల్టో అనే ఆయన మాంటెసా కంపెనీ నుంచి 1958లో బయటికి వచ్చి బార్సిలోనా దగ్గర పెట్టారు. ఆయన్ని ఇష్టులు పిలిచే ముద్దుపేరు పాకో, ఇంటి పేరూ ఆ పేరూ కలిస్తే బుల్టాకో. ట్యాంకు మీద గుండ్రటి బొమ్మలో బొటనవేలు పైకెత్తిన చెయ్యి ఉంటుంది, అది వాళ్ల గుర్తు. అప్పటిదాకా ట్రయల్స్ అంటే ఇంగ్లీషు వాళ్ల పెద్ద ఫోర్ స్ట్రోక్ బండ్లదే రాజ్యం. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన సామీ మిల్లర్, 500 సీసీ ఏరియల్ మీద ఎదురులేకుండా గెలుస్తున్న మనిషి, 1964 చివర్లో స్పెయిన్ వెళ్లి వాళ్లతో కూర్చుని ఈ షెర్పాని తయారుచేయించారు, పన్నెండు రోజులే పట్టిందంటారు. 1965లో అదే బండి మీద స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచారు. స్కాట్లండ్ కొండల్లో ఫోర్ట్ విలియం దగ్గర ఆరు రోజులపాటు సాగే పోటీ అది, ఒక విదేశీ బండి దాన్ని గెలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఐదారేళ్లలో ఈ చుట్టుపక్కల ట్రయల్స్ నడిపే కుర్రాళ్లంతా స్పెయిన్ బండ్లే కొన్నారని మా ఊళ్లో అందరూ చెబుతారు. మా పక్కనే సిల్స్‌డన్ అని చిన్న ఊరు, అక్కడి మార్టిన్ లాంప్‌కిన్ 1975లో మొట్టమొదటి ప్రపంచ ట్రయల్స్ ఛాంపియన్ అయ్యాడు, అదీ బుల్టాకో మీదే. కంపెనీ మాత్రం 1983లో మూతపడింది.

మా బండి మా పక్కింటి పెద్దాయనది. 1970లో కొత్తది కొన్నారు, పదకొండేళ్లు ఈ కొండల్లోనే నడిపారు, 1981లో మోకాలు దెబ్బతిన్నాక ఇంటి వెనక రాతి షెడ్డులో పెట్టి పైన దుప్పటి కప్పారు. అంతే, మళ్లీ తీయలేదు. నేను వాళ్ల పక్కింట్లోకి వచ్చాక ఒకరోజు మాటల్లో మా నాన్న మెకానిక్ అని చెబితే ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకెళ్లారు. దుప్పటి తీస్తే దుమ్ము లేచి ఇద్దరం దగ్గాం. టైర్లు నేలకి అతుక్కుపోయి చదునైపోయాయి, ట్యాంకు ఎర్ర రంగు వెలిసి ఇటుక రంగుకి వచ్చింది, అల్యూమినియం అంతా తెల్లగా సున్నం కొట్టినట్టు బూజు పట్టి ఉంది, కానీ ఒక్క నట్టు కూడా పోలేదు. "దీన్ని ఎవరైనా నడపాలి" అన్నారు. డబ్బు తీసుకోమంటే పేరుకి కొంత తీసుకున్నారు. మూడేళ్ల కింద మాట అది. పోయిన చలికాలంలో ఆయన చనిపోయారు.

ఆ రాత్రే నాన్నకి వీడియో కాల్ చేశాను. విజయవాడలో తెల్లవారుజామున ఐదున్నర, ఆయన లుంగీలోనే కూర్చుని బండిని చూశారు. ఫోన్ని ముందు నుంచి వెనక్కి, కింద నుంచి పైకి తిప్పించారు. నాకేమో కిక్ రాడ్ మీద కాలు పెట్టాలని ఒకటే తహతహ, ఎడమవైపు ఉంటుంది అది, జావా, యెజ్డీల్లాగే. "అమ్మడూ, కాలు తియ్యి. నలభై ఏళ్లు ఆగింది, నాలుగు రోజులు ఆగలేదా?" అన్నారు. తర్వాత ఆయన చెప్పింది మీ పాఠకులందరికీ పనికొస్తుంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఏళ్లపాటు ఆగిన ఇంజన్లో పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, అతుక్కుని ఉంటాయి. బలంగా కిక్ కొడితే రింగు విరగొచ్చు, విరిగిన ముక్క బోరు గోడని గీరేస్తుంది, అప్పటిదాకా పది పదిహేను రూపాయల పనైతే అప్పటి నుంచి పదివేల పని. అది వదిలితే ఒకవేళ స్టార్ట్ అయిందే అనుకోండి, టూ స్ట్రోక్ బండికి అది ఇంకా ప్రమాదం. టూ స్ట్రోక్‌లో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం ముందు కింద క్రాంక్ కేసులోకి వచ్చి అక్కడి నుంచి పైకి వెళుతుంది. క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, రెండు చివర్లా రబ్బరు ఆయిల్ సీళ్లు ఉంటాయి, అవి ఎండి రాయిలా గట్టిపడి ఉంటాయి, ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలూ దానిలో కలిసిన ఆయిలూ తక్కువైతే ఇంజను వేడెక్కి పిస్టన్ బోరుని పట్టేస్తుంది. బండి మొదటి నిమిషంలో చక్కగా, ఎప్పటికన్నా హుషారుగా తిరుగుతుందట, ఆ హుషారే చావు ముందు వెలుగు అని నాన్న అంటారు. ఆయన చేతికి అలా పట్టేసిన రాజ్‌దూత్‌లు, యెజ్డీలు ఎన్ని వచ్చాయో లెక్కలేదట. అన్నీ ఒకటే కథ, "స్టార్ట్ అయిందండీ, ఒక రౌండు వేశాను, జామ్ అయిపోయింది."

నేను చేసింది ఇంతే. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ బొక్కలో డీజిలూ పల్చటి ఆయిలూ కలిపి కొద్దిగా పోశాను. రెండు రోజులకోసారి ఇంకొంచెం. పదకొండు రోజులు అలా వదిలేశాను. పన్నెండో రోజు టాప్ గేరులో వేసి (గేరు కుడివైపు, మన పాత బుల్లెట్ లాగే) వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపాను. కదల్లేదు. మళ్లీ ఆయిల్, మళ్లీ నాలుగు రోజులు. పదహారో రోజు సాయంత్రం, వర్షం పడుతుండగా, చక్రం అరంగుళం కదిలి ఇంజన్లోంచి చిన్నగా కిర్రుమని వచ్చింది. ప్లగ్ బొక్కలోంచి నల్లటి ఆయిల్ ఒక చుక్క బయటికి వచ్చి సిలిండర్ రెక్కల మీద పడింది. నాన్న ఫోన్లో ఉన్నారు, ఆయనకీ వినిపించింది ఆ చప్పుడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

కదిలింది కదా అని అప్పుడు కూడా స్టార్ట్ చేయలేదు. సీళ్లు మార్చాలి, మార్చాలంటే ఇంజను విప్పాలి, విప్పాలంటే ముందు క్రాంకు చివర బిగించి ఉండే బరువైన చక్రం, ఫ్లైవీల్, తీయాలి, దాన్ని లాగడానికి పుల్లర్ అనే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. పుల్లర్ లేకుండా సుత్తితో కొట్టి తీసేవాళ్లని నాన్న షెడ్డులోకే రానిచ్చేవారు కాదు.

ఈలోగా పెద్దాయనతో కూర్చుని బండి మీద ఉన్న ప్రతి గీతా ఎలా వచ్చిందో అడిగి రాసుకున్నాను. అదే నేను చేసిన మంచి పని అని ఇప్పుడనిపిస్తోంది. కుడి ఫుట్‌రెస్ట్ పైకి వంగి ఉంది, అది 1974లో డేల్స్ కొండల్లో ఒక వాగులో రాయికి కొట్టుకుని వంగిందట, ఇంటికొచ్చి నిటారు చేద్దామనుకుంటే కాలికి ఆ వంపే బాగుందనిపించి అలాగే ఉంచేశారట. ఇంజను కింద అల్యూమినియం ప్లేటు నిండా లోతైన గాట్లు. హ్యాండిల్ బార్ ఎడమ చివర రబ్బరు గ్రిప్పు బొటనవేలి కింద అరిగిపోయి గుంటపడింది, నా బొటనవేలు పెడితే సరిగ్గా అందులో కూర్చుంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక గూడు, అందులో ఉన్ని, ఎండుగడ్డి, పాత కాగితం ముక్కలు. ఆ కాగితాలు పారేయబోతే ఆయన ఆపారు. ఒకటి పోటీలో ఇచ్చే రూట్ కార్డు ముక్క, ఆయన చేతిరాత ఉంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. సీటు కింద పనిముట్ల సంచిలో సిగరెట్ పెట్టె అట్ట ముక్క ఒకటి, పొడుగ్గా కత్తిరించి, ఆయిల్ మరకలతో దొరికింది. ఇదేమిటని అడిగితే పాయింట్ల గ్యాప్ చూసుకోవడానికన్నారు, పోటీ పాయింట్లు కావు, ఇంజన్లో స్పార్క్‌ని సమయానికి పుట్టించే చిన్న లోహపు కొసలు. మాగ్నెటోలో, అంటే స్పార్క్‌కి కరెంటు ఇచ్చే భాగంలో, ఆ పాయింట్లు తెరుచుకునే సందు మిల్లీమీటరులో మూడో వంతు పైచిలుకు ఉండాలి, కొండ మధ్యలో గేజి ఎక్కడ దొరుకుతుంది, అట్ట సరిగ్గా అంత మందం ఉంటుంది. నేను నవ్వాపుకోలేకపోయాను, సంతోషంతోనే. మా నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ చార్మినార్ పెట్టె అట్ట ముక్క ఉండేది, సరిగ్గా ఇదే పనికి, ఆయనకి సిగరెట్ అలవాటే లేదు. యార్క్‌షైర్ కొండల్లో ఒకాయన, ఆటోనగర్‌లో ఒకాయన, ఒకరినొకరు చూడకుండా ఒకే పనిముట్టు చేసుకున్నారు. ఆ రోజు ఇద్దరినీ వీడియోలో మాట్లాడించాను. భాష కుదరలేదు, ఇద్దరూ అట్ట ముక్కలు చూపించుకున్నారు.

ఈ బండి దొరికిన మొదటి వారంలోనే ఏ వర్క్‌షాపుకో ఇచ్చి ఉంటే ఆ అట్ట ముక్కా, రూట్ కార్డూ చెత్తబుట్టలో ఉండేవి. ఫుట్‌రెస్ట్ నిటారయ్యేది. గ్రిప్పు కొత్తది వచ్చేది.

ఇక నంబర్ల సంగతి. మీ కథనంలో అసలు లేనిదీ, మన దగ్గర అందరికీ ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. బుల్టాకో ఫ్రేము మీద బీ అక్షరంతో, ఇంజను మీద ఎం అక్షరంతో నంబరు కొట్టి ఉంటుంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు రెండిటి అంకెలూ ఒకటే. నేను ఇనప బ్రష్ వాడకుండా, పాత టూత్ బ్రష్షూ కిరసనాయిలూ పెట్టి ఆ జిడ్డంతా తీస్తే రెండూ కలిశాయి. నాన్న వెంటనే "ట్రేస్ తియ్యి" అన్నారు. మన ఆర్టీఓ ఆఫీసుల్లో పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఛాసిస్ నంబరు అచ్చు తీయడం మనందరికీ తెలిసిందే, అదే పద్ధతిలో తీశాను. ఇక్కడ అది ఎంత అవసరమైందంటే, బ్రిటన్‌లో పాత రిజిస్ట్రేషన్ పుస్తకాలన్నీ 1983లోగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాల్సింది, 1981లో షెడ్డులో పెట్టేసిన ఈ బండిని ఎవరూ ఎక్కించలేదు, కాబట్టి దాని నంబరు లెక్కల్లోంచి జారిపోయింది. తిరిగి అదే నంబరు రావాలంటే ఒరిజినల్ లాగ్ బుక్కూ (ఆ పాత రిజిస్ట్రేషన్ పుస్తకమే), ఛాసిస్ నంబరు రుజువూ చూపించి, గుర్తింపు ఉన్న క్లబ్బు ద్వారా దరఖాస్తు చేయాలి. లాగ్ బుక్ పెద్దాయన భార్య కుట్టుమిషన్ సొరుగులో దాచి ఉంచింది. ఆవిడ దాచకపోతే ఆ నంబరు పోయినట్టే.

మన దగ్గరా ఇలాంటి నిబంధనే ఉంది. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకి విడిగా రిజిస్ట్రేషన్ పెట్టారు. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన టూవీలర్లూ కార్లూ, ఒరిజినల్ రూపంలో ఉండి పెద్ద మార్పులేమీ చేయనివి అయితే వీఏ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. కొత్తగా చేయించుకోవడానికి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ ఆ నంబరు. "ఒరిజినల్ రూపం" అన్న ఆ ఒక్క మాట దగ్గర మన వాళ్లు చాలామంది దెబ్బతింటున్నారు.

మా మేనమామ సంగతి చెబుతాను. తెనాలి దగ్గర పల్లెటూళ్లో మా తాతగారి 1971 బుల్లెట్ ఉండేది. తాతగారు పోయాక ఇరవై రెండేళ్లు ధాన్యం కొట్లో ఉంది. మామయ్య ఎంతో ప్రేమతో, ఎంతో ఖర్చుపెట్టి ఒక సిటీలో బాగుచేసే షాపుకి ఇచ్చారు. షాపు పేరు ఇక్కడ అనవసరం. ఎనిమిది నెలల తర్వాత బండి అద్దంలా వచ్చింది. ఫొటోలు చూసి నేనూ మురిసిపోయాను. కానీ తుప్పు పోవాలని ఫ్రేము మెడ దగ్గర గ్రైండర్ వేసి, ఆ పైన మందంగా పౌడర్ కోటింగ్ కొట్టారు, ఛాసిస్ నంబరు ఉండేది సరిగ్గా అక్కడే. ఆరు అంకెల్లో రెండు కనిపిస్తాయి, మిగతావి చేత్తో తడిమినా తెలియవు. పాత మీటరు, పాత హెడ్‌లైట్ కేసింగ్, తాతగారు కోఆపరేటివ్ సొసైటీలో పనిచేసేటప్పుడు పేరు రాయించుకున్న టూల్ బాక్సు మూత, అన్నీ "పనికిరానివి" అని పారేశారట. మామయ్య అడిగితే "కొత్తవి వేశాం కదండీ" అన్నారు. బండి ఇప్పుడు హాల్లో నిలబడి ఉంది. కాగితాలు చేయించలేకపోతున్నారు. దాన్ని చూస్తూ భోంచేయలేకపోతున్నానని మామయ్య అన్నప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ షాపు వాళ్లు చెడ్డవాళ్లని నేననను, వాళ్లకి మెరుపు తప్ప ఇంకేదీ అడగలేదు ఎవరూ, వాళ్లూ అదే ఇచ్చారు.

బుల్లెట్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. ట్రయల్స్ అంటే మనకి సంబంధం లేని విషయం అనుకోకండి. మన రోడ్ల మీద తిరిగిన బుల్లెట్ పుట్టిందే ఆ కొండవాగుల్లో. ఇంగ్లండ్‌లో రెడిచ్ అనే ఊళ్లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ వాళ్లు వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్ పెట్టిన కొత్త 350 బుల్లెట్ నమూనాలని 1948లో ముందు ట్రయల్స్ పోటీలకే పంపారు. అప్పట్లో ట్రయల్స్ వాళ్లు వెనక సస్పెన్షన్ని నమ్మేవాళ్లు కాదు, గట్టి ఫ్రేమే మేలనేవాళ్లు. అదే ఏడాది ఇటలీలోని సాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో రెండు బుల్లెట్లు బంగారు పతకాలు తెచ్చాయి. 1952లో, మళ్లీ 1957లో జానీ బ్రిటన్ అనే ఆయన 350 బుల్లెట్ మీద స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచారు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది ఆ బండితోనే. ఇది చెబితే నాన్న చాలాసేపు మౌనంగా ఉండి, "అందుకేనన్నమాట, ఎంత గతుకుల్లో తిప్పినా ఫ్రేము విరిగిన బుల్లెట్ నా చేతికి అరుదుగా వచ్చేది" అన్నారు.

పెట్రోలు సంగతి క్లుప్తంగా. షెర్పా ట్యాంకు ఫైబర్‌గ్లాస్. ఇప్పుడు ఇక్కడ మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది పాత ఫైబర్‌గ్లాస్‌లోని జిగురుని మెత్తబరిచి కరిగిస్తుంది, ఆ కరిగినది కార్బరేటర్‌లోకీ ఇంజన్లోకీ వెళ్లి అతుక్కుంటుంది. అందుకని ట్యాంకు ఖాళీగా ఉంచాను. ఇంజను తిప్పే రోజు వస్తే విడిగా చిన్న సీసా వేలాడదీసి అందులోంచి పెట్రోలు ఇస్తాను. మన దగ్గర బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులని పాడుచేస్తుంది. కాబట్టి పాత బండిని నెలల తరబడి ఆపేసేవాళ్లు ట్యాంకూ కార్బరేటరూ ఖాళీ చేసి ఆపండి. పాత పెట్రోలు ఆవిరైపోయి జిగురుగా మిగిలిపోతే కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి జెట్ బొక్కలు మూసుకుపోతాయి, అప్పుడు తీగలు పెట్టి పొడిచి జెట్ పెద్దది చేసేస్తారు, అక్కడితో మైలేజీ పోతుంది.

రంగు వేస్తావా లేదా అని ఇక్కడి ట్రయల్స్ వాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. వాళ్లలోనూ రెండు రకాలవాళ్లున్నారు. కొత్తదానిలా చేసేస్తేనే గౌరవం అనేవాళ్లు కొందరు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు, తుప్పు అలాగే వదిలేస్తే పెరుగుతుంది, ఫ్రేములో పగులు ఉంటే రంగు గీకి చూడకుండా తెలియదు, ప్రాణం మీదకి వచ్చే భాగాలని మాత్రం మొహమాటం లేకుండా మార్చాల్సిందే. బ్రేకు షూలు, కేబుళ్లు, టైర్లు, బేరింగులు, సీళ్లు, వీటిలో నేను పాతదనం చూడను. కానీ ట్యాంకు మీద రంగు వెలిసిందని మార్చడానికి నా చేతులు రావడం లేదు. బొటనవేలి బొమ్మ అంచు చెరిగిపోయింది, అక్కడ పెద్దాయన మోకాలు పదకొండేళ్లు రాసుకుంది. దాన్ని మైనంతో తుడిచి అలాగే ఉంచుతాను. వంగిన ఫుట్‌రెస్ట్ కూడా అంతే. కింద ప్లేటు కూడా.

ఎడిటర్ గారూ, మీ కథనం రాసినవాళ్లని తప్పుపట్టడానికి ఇదంతా రాయలేదు. పాత బండ్ల మీద రెండు పేజీలు ఇచ్చే పత్రిక ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పండి. నేను అడిగేది ఒకటే. ఈసారి ఇలాంటి కథనం వేసినప్పుడు తళతళలాడే ఫొటో పక్కనే ముట్టుకోని బండి ఫొటో ఒకటి వేయండి. కొట్టంలోంచి తీయకముందే నాలుగువైపులా ఫొటోలు తీసుకోమని, ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ పెన్సిల్‌తో అచ్చు తీసి దాచుకోమని, ఆర్‌సీ కాగితం ఎంత చిరిగినా పారేయొద్దని, బాగుచేయడానికి ఇస్తే తీసేసిన ప్రతి పాత ముక్కా తిరిగి గోనెసంచిలో వేసి ఇవ్వాలని ముందే రాయించుకోమని రాయండి. ఇంజను కదిలేదాకా కిక్ కొట్టొద్దని పెద్ద అక్షరాలతో రాయండి.

ఇంకా వీలైతే మీ విలేకరుల్ని ఒక్కరోజు ఆటోనగర్‌కి పంపండి. షోరూముల దగ్గరికి కాదు, లోపలి వీధుల్లోకి. పాయింట్లు, మాగ్నెటోలు చేత్తో సరిచేసిన తరంలో ఇప్పుడు ఎవరికీ అరవై ఐదు తక్కువ లేవు. మా నాన్నకి డెబ్బై ఒకటి. ఇంజను మీద చెవి పెట్టడానికి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించుకుని ఏ బేరింగ్ పోయిందో చెప్పే మనుషులు వాళ్లు. వాళ్లని ఎవరూ అడగడం లేదు, అడిగితే గంటలు గంటలు చెబుతారు, నాకు తెలుసు. పెద్దాయన దగ్గర నేను అడిగి రాసుకున్నవి ఒక నోటుబుక్కు నిండా ఉన్నాయి. అడగాలనుకుని రేపు అడుగుదాంలే అనుకున్నవి ఇంకో నోటుబుక్కుకి సరిపోయేవి, అవి ఇక రావు. గేరు బాక్సు కవరు లోపలివైపు మేకుతో గీసినట్టు ఒక తేదీ ఉంది, ఆరు అంకెలు, ఏమిటో నాకు తెలియదు. పోయిన నెలలో కనబడింది. ఆయన ఉంటే కిటికీ తట్టి అడిగేదాన్ని.

పుల్లర్ నిన్ననే పోస్టులో వచ్చింది, సీళ్లు అంతకుముందే వచ్చాయి. వచ్చే శనివారం ఫ్లైవీల్ తీస్తున్నాను. ఫోన్ని ఎక్కడ పెడితే తనకి బాగా కనిపిస్తుందో నాన్న ఇప్పటికే రెండుసార్లు చెప్పారు, స్టూలు మీద, వెలుతురు ఎడమ నుంచి పడేలా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కీత్లీ, యార్క్‌షైర్